కాల్‌ప్రొటెక్టిన్ 340 వచ్చింది, పిల్ల మాత్రం బాగానే ఉంది, ఇప్పుడేం చేయాలి?

పేగుపూత గురించి ఇదివరకు రాసినప్పట్నుంచి వస్తున్న ఉత్తరాల్లో చాలావరకు టెస్టుల గురించే ఉంటున్నాయి, అందుకే ఈసారి కాలమ్ మొత్తం వాటికే ఇచ్చేస్తున్నా. మనవైపు పేగుపూత అనేది అల్సరేటివ్ కొలైటిస్‌ని, అది పెద్దపేగు లోపలి పొరకే ఉంటుంది. రెండోది క్రోన్స్, అది నోటి దగ్గర్నుంచి కింద దాకా ఎక్కడైనా రావచ్చు, పేగు గోడ మందం మొత్తాన్నీ పట్టుకుంటుంది. రెండిటినీ కలిపి ఐబీడీ అంటారు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, కింద జవాబుల్లో అవసరం పడుతుంది. రాసినవాళ్ల పేర్లు తీసేశాను.

ప్రశ్న: మా అమ్మాయికి 21 ఏళ్లు, ఇంజినీరింగ్ చదువుతూ హాస్టల్లో ఉంటోంది. రెండేళ్ల కిందట పేగుపూత అన్నారు, మెసలమీన్ బిళ్లలు వాడుతోంది. ఇప్పుడు రక్తం లేదు, జిగురు లేదు, రోజుకి ఒక్కసారే మోషన్, ఒళ్లు కూడా చేసింది. అయినా డాక్టరు గారు మలం టెస్టు రాశారు, కాల్‌ప్రొటెక్టిన్ 340 వచ్చింది, పోయినేడు 80 ఉంది. ల్యాబ్ వాళ్లు తప్పు చేశారా? మళ్లీ కొలనోస్కోపీ అంటే పిల్ల ఏడుస్తోంది. (ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: అమ్మా, ల్యాబ్ తప్పని ముందే అనేసుకోకండి, అలాగని జబ్బు తిరగబెట్టేసిందని కంగారూ పడకండి. మన తెల్లకణాల్లో న్యూట్రోఫిల్స్ అని ఒక రకం ఉంటాయి, కాల్‌ప్రొటెక్టిన్ వాటి లోపల దండిగా ఉండే ప్రోటీన్. పేగు పొర వాచిందంటే ఆ కణాలు రక్తంలోంచి గుంపులుగా అక్కడికొచ్చి పేగులోకి దిగిపోతాయి, అక్కడే చచ్చి పగిలిపోతాయి, వాటిలోని ఈ ప్రోటీన్ మలంలో కలుస్తుంది, పేగులో ఉండే బ్యాక్టీరియా కూడా దాన్ని అంత తేలిగ్గా కరిగించలేదు కాబట్టి బయటికి వచ్చేదాకా దాదాపు అలాగే ఉంటుంది. 1980లో నార్వేలో ఫాగర్‌హోల్ అనే శాస్త్రవేత్త, ఆయనతో పనిచేసినవాళ్లు దీన్ని తెల్లకణాల్లోంచి వేరు చేశారు, మలంలో కొలవొచ్చు అన్నది ఆ తర్వాత వచ్చిన ఆలోచన. అంటే పిల్లకి ఎలా ఉంది అనేది ఈ టెస్టు చెప్పేది కాదు, పేగు పొర దగ్గర తెల్లకణాలు ఎంత చేరాయి అన్నది చెప్తుంది, ఆ చేరటం అనేది మనిషికి ఏమీ తెలియకముందే మొదలవ్వచ్చు. పైకి బాగానే ఉన్నవాళ్లలో ఈ నంబరు పెరుగుతూ పోతుంటే, తక్కువగా ఉన్నవాళ్ల కంటే రాబోయే నెలల్లో జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువని చాలా స్టడీల్లో తేలింది. మీ డాక్టరు గారు బాగున్నప్పుడే టెస్టు రాసింది అందుకే, నాకైతే ఆయన మంచి పనే చేశారనిపిస్తుంది.

ఇక 340 అంటే ఎంత అని. లక్షణాలు ఏమీ లేకుండా ఉన్న పేగుపూత వాళ్లలో గ్రాముకి 150 మైక్రోగ్రాముల లోపు ఉంటే లోపల వాపు ఉండే అవకాశం తక్కువ, కొలనోస్కోపీ అక్కర్లేకుండా అదే మందు మీద కొనసాగొచ్చు అని అమెరికన్ గ్యాస్ట్రో అసోసియేషన్ 2023లో గైడ్‌లైన్ ఇచ్చింది. బాగానే ఉన్నవాళ్లకి కూడా ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి చూసుకోమంది. 150 దాటితే మాత్రం ఆ నంబరు ఒక్కదాన్నే పట్టుకుని మందు పెంచేయొద్దు, స్కోపీతో లోపల చూడండి, లేదా మూడు నుంచి ఆరు నెలల్లో టెస్టు మళ్లీ చేయించి చూడండి అంటుంది. 80 నుంచి 340 అంటే చిన్న తేడా కాదు కాబట్టి వదిలేయకూడదు, కానీ ఈ రోజే స్కోపీకి పరిగెత్తాలని కూడా లేదు.

దానికంటే ముందు పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని రెండు విషయాలు అడగండి, కోప్పడకుండా అడగండి. ఒకటి, నెలసరి నొప్పికి ఏం బిళ్ల వేసుకుంటోంది. మెఫెనమిక్ యాసిడ్, డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పుల బిళ్లలు జబ్బు లేనివాళ్లలో కూడా ఈ నంబరుని పెంచుతాయి, పైగా పేగుపూత ఉన్నవాళ్లకి అవి అసలే అంత మంచివి కావు. హాస్టల్లో రూమ్మేటు ఇచ్చింది వేసేసుకుంటారు, అది మందు అని కూడా లెక్కపెట్టరు, కాబట్టి "ఏమైనా మందులు వాడుతున్నావా" అని అడిగితే లేదనే చెప్తుంది, బిళ్ల పేరు పెట్టి అడగండి. రెండోది మెసలమీన్ నిజంగా రోజూ వేసుకుంటోందా అని. బాగున్నప్పుడు బిళ్లలు మానేయటం అన్నది ఈ జబ్బులో నేను అన్నిటికంటే ఎక్కువగా చూసే విషయం, అది పిల్ల తప్పని కూడా అనను, ఏ బాధా లేని 21 ఏళ్ల పిల్ల రోజూ అన్ని బిళ్లలు మింగాలంటే కష్టమే. ఆ మధ్య బయట తిండి తిని విరేచనాలు పట్టుకున్నాయా అనేది కూడా కనుక్కోండి, మామూలు ఇన్ఫెక్షన్‌కి కూడా ఇది పెరుగుతుంది. గ్యాస్ బిళ్లలు, అంటే పాంటాప్రజోల్ లాంటివి, రోజూ వాడినా కొంత పెరుగుతుంది.

నొప్పుల బిళ్లలు, మానేసిన డోసులు ఇవి బయటపడితే డాక్టరు గారికి చెప్పండి, అవి సరిచేసి కొన్ని వారాల తర్వాత అదే ల్యాబులో టెస్టు మళ్లీ చేయించమనే ఎక్కువమంది చెప్తారు. అప్పుడూ ఎక్కువే వస్తే స్కోపీ చేయించాల్సిందే. కింది భాగం మాత్రమే చూసే చిన్న స్కోపీ ఉంటుంది, సిగ్మాయిడోస్కోపీ అంటారు, దానికి ముందురోజంతా ఆ ఉప్పు నీళ్లు తాగి బాత్రూంలో కూర్చోవాల్సిన పని సాధారణంగా ఉండదు, ఎనిమా ఇచ్చి చేసేస్తారు. పిల్ల ఏడుస్తోంది అన్నారు కదా, అది సరిపోతుందేమో డాక్టరు గారిని అడగండి.

ప్రశ్న: నాకు 38, వన్‌టౌన్‌లో బట్టల షాపు. నాలుగేళ్లుగా క్రోన్స్, చిన్నపేగు చివర్లో ఉందన్నారు. సీఆర్పీ ఎప్పుడు చేయించినా నార్మలే. మొన్న రిపోర్టులో 0.9 అనే వచ్చింది. కానీ తిన్నాక బొడ్డు పక్కన కుడివైపు మెలిపెడుతుంది. సీఆర్పీ బాగుంటే స్కాన్ ఎందుకు సార్, ఖర్చు తప్ప? (విజయవాడ)

జవాబు: ముందు ఆ రిపోర్టు తీసి 0.9 పక్కన ఏం రాసుందో చూడండి. సీఆర్పీ అంటే ఒంట్లో వాపుని చూపే రక్తం టెస్టు, మన దగ్గర కొన్ని ల్యాబులు దాన్ని లీటరుకి మిల్లీగ్రాముల్లో ఇస్తాయి, కొన్ని డెసిలీటరుకి మిల్లీగ్రాముల్లో ఇస్తాయి, డెసిలీటరు అయితే పదితో గుణించాలి, అప్పుడు మీ 0.9 కాస్తా 9 అవుతుంది, 5 లోపు ఉండాల్సింది 9 అంటే నార్మల్ కాదు. ల్యాబ్ మారినప్పుడల్లా ఈ తికమక వస్తూనే ఉంటుంది, పోయిన రిపోర్టు 6, ఈసారి 0.9, బాగా తగ్గిపోయింది అని సంతోషపడి వచ్చేవాళ్లున్నారు, నిజానికి పెరిగింది.

అది లీటరు లెక్కే, నిజంగా 0.9 యే అనుకుందాం. అయినా సరే స్కాన్ కావాలి, ఎందుకో చెప్తా. సీఆర్పీ పేగులో తయారయ్యేది కాదు, లివర్ తయారుచేస్తుంది. 1930లో న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ సంస్థలో టిల్లెట్, ఫ్రాన్సిస్ అని ఇద్దరు న్యుమోనియా రోగుల రక్తంలో దీన్ని కనిపెట్టారు, అప్పట్నుంచీ ఒంట్లో ఎక్కడ వాపున్నా చూడటానికి వాడుతున్నారు. వాపున్న చోటు నుంచి కబురు రక్తంలో లివర్ దాకా వెళ్తే అది సీఆర్పీ వదులుతుంది, వాపు తగ్గితే దాదాపు 19 గంటలకి సగం చొప్పున పడిపోతుంది, అందుకే త్వరగా పెరుగుతుంది, త్వరగా తగ్గుతుంది, చవకగా అయిపోతుంది. కానీ కొంతమందికి పేగులో ఎంత గొడవ జరుగుతున్నా సీఆర్పీ పెద్దగా పెరగదు, వాళ్ల ఒంటి తీరే అంత. మీరు ఆ రకమా కాదా తెలియాలంటే నాలుగేళ్ల కిందట జబ్బు బయటపడ్డ రోజుల్లో, బాగా నొప్పితో ఉన్నప్పుడు చేసిన రిపోర్టు వెతకండి. అప్పుడు 40, 50 ఉండి ఇప్పుడు 0.9 అయితే ఈ టెస్టు మీ విషయంలో నమ్మదగిందే. అప్పుడు కూడా నార్మలే వచ్చి ఉంటే మీకు సీఆర్పీ చేయించి లాభం లేదు, ఇకమీదట దాన్ని చూసి ధైర్యం తెచ్చుకోవద్దు. పాత ఫైలు పారేయకండి అని నేను అందరికీ పదేపదే చెప్పేది ఇందుకే, షాపులో బిల్లు బుక్కులు ఎంత జాగ్రత్తగా దాస్తారో ఇవీ అలాగే దాయండి.

కాల్‌ప్రొటెక్టిన్ చేయించొచ్చు, కానీ జబ్బు చిన్నపేగు వరకే ఉన్నప్పుడు అది పెద్దపేగులో చెప్పినంత కచ్చితంగా చెప్పదు. ఇంకోటి, తిన్నాక కుడివైపు మెలిపెట్టటం అంటే అక్కడ పేగు సన్నబడిందేమో చూడాలి. వాపు తగ్గి మచ్చ కట్టి సన్నబడితే ఏ రక్తం టెస్టులోనూ, ఏ మలం టెస్టులోనూ కనపడదు, ఎందుకంటే అక్కడ తెల్లకణాల గొడవ తక్కువ, దారే ఇరుకు. దానికి ఎమ్మార్ ఎంటెరోగ్రఫీ (చిన్నపేగుకి తీసే ఎమ్మారై స్కాన్) గానీ, చేయటం వచ్చినవాళ్లుంటే పేగుకి అల్ట్రాసౌండ్ గానీ కావాలి. కడుపుబ్బి వాంతులు మొదలై గ్యాస్ కూడా పోకపోతే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.

టెస్టుల మీద నాకు నమ్మకం లేదని అనుకోకండి. క్రోన్స్‌లో 2017లో కామ్ అనే స్టడీ వచ్చింది, 244 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి లక్షణాలు చూసి మందు పెంచారు, ఇంకో గుంపుకి లక్షణాలతో పాటు కాల్‌ప్రొటెక్టిన్ 250, సీఆర్పీ 5 ఈ గీతలు దాటినా పెంచారు, 48 వారాలకి పేగు పొర మానినవాళ్లు మొదటి గుంపులో 30 శాతం, రెండో దాంట్లో 46 శాతం. అంటే నంబర్లు చూసుకుంటూ వెళ్తే లాభముంది. కాకపోతే ఆ నంబరు పనిచేసే మనిషిలో చూడాలి.

ప్రశ్న: మలం శాంపిల్ ఎలా తీయాలి? ల్యాబులో డబ్బా చేతికిచ్చి పంపేశారు, అడగటానికి మొహమాటమేసింది. (మంగళగిరి)

జవాబు: మొహమాటం ఎందుకండి, ఇది అందరూ అడగాల్సిన ప్రశ్న. పొద్దున్నే మొదటిసారి వెళ్లినప్పటిది అయితే మంచిది, రోజులో ఒక్కో మోషన్‌కీ నంబరు తేడా వస్తుంది కాబట్టి ప్రతిసారీ అదే వేళకి తీస్తే పోల్చుకోవటం కుదురుతుంది. కమోడ్ నీళ్లలో పడింది తీయొద్దు, లోపల ఒక పాలిథిన్ కవరో పాత పేపరో వేసుకుని దాని మీద వెళ్లండి, మూతకున్న చెంచాతో తీసి ల్యాబ్ వాళ్లు చెప్పినంత వేయండి, మూత్రం కలవకూడదు. స్కోపీకి మందు తాగి కడుపు ఖాళీ చేసుకున్న రోజుల్లో ఇవ్వొద్దు, నెలసరి రోజుల్లో ఆగండి. ఈ ప్రోటీన్ గట్టిదే, మామూలు గదిలో ఒకటి రెండు రోజులు తట్టుకుంటుంది, కానీ మన మే నెల ఎండలో స్కూటర్ డిక్కీలో పెట్టి మధ్యాహ్నం దాకా తిప్పితే ఎలా, తీసిన రోజే ఇచ్చేయండి, ఆలస్యమైతే కవర్లో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. ఇంకో ముఖ్యమైన సంగతి, ఒక్కో కంపెనీ కిట్‌కి నంబర్లు వేరుగా వస్తాయి, ఈసారి గుంటూరు కొత్తపేటలో, వచ్చేసారి బెజవాడ సూర్యారావుపేటలో చేయించి రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే అర్థం ఉండదు, ఒకే ల్యాబ్ పట్టుకోండి.

ప్రశ్న: మావారికి 45, పేగుపూత. కాల్‌ప్రొటెక్టిన్ 45, సీఆర్పీ 2, రక్తం లేదు. కానీ రోజుకి నాలుగైదుసార్లు మోషన్, టిఫిన్ తినగానే పరుగు. మందు పనిచేయట్లేదని ఇంట్లో మిగిలిన స్టెరాయిడ్ బిళ్లలు మళ్లీ మొదలుపెడతానంటున్నారు. (పటమట, విజయవాడ)

జవాబు: వద్దమ్మా, ఆ బిళ్లలు ఆయన చేతికి దొరక్కుండా ముందు తీసేయండి. స్టెరాయిడ్ వాపుని తగ్గించే మందు, వాపే లేని చోట అది చేసేది ఏమీ లేదు, షుగర్, బీపీ, ఎముకలు గుల్లబారటం మాత్రం వస్తాయి, డాక్టరు చెప్పకుండా మొదలుపెట్టటం, ఉన్నట్టుండి ఆపేయటం రెండూ ప్రమాదమే. ఆ రెండు నంబర్లూ ఇంత బాగుండి రక్తం కూడా లేదంటే పేగుపూత ప్రస్తుతానికి అణిగే ఉందని గట్టిగా అనుకోవచ్చు. పేగుపూత మానిన చాలామందికి పేగు కొన్నాళ్లు, ఒక్కోసారి ఏళ్లపాటు, గిలిగా ఉండిపోతుంది, తిన్న వెంటనే కదులుతుంది, ఐబీఎస్ అంటే వాపు లేకుండానే పేగు ఇలా ఇబ్బంది పెట్టడం, ఆ లక్షణాలే ఇవి. అది ఆయన ఊహ కాదు, నిజమైన బాధే, దానికి వేరే మందులున్నాయి. పాలు పడకపోవటం, థైరాయిడ్, జియార్డియా లాంటి క్రిములు, ఇవి కూడా డాక్టరు ఒకసారి చూడాలి.

అయితే నాలుగైదుసార్లు మోషన్ అనేది కొంచెం అటూ ఇటూ ఉండే పరిస్థితి, లక్షణాలు ఒక మోస్తరుగా ఉన్నప్పుడు నంబరు ఒక్కటే చూసి తేల్చేయకుండా ఒకసారి స్కోపీతో చూసుకోవటం మేలని ఆ 2023 గైడ్‌లైన్ కూడా అంటుంది. మలద్వారం పైన చివరి కొంచెం భాగంలోనే పూత ఉన్నవాళ్లలో కాల్‌ప్రొటెక్టిన్ ఒక్కోసారి తక్కువే చూపిస్తుంది. కాబట్టి చిన్న స్కోపీ ఒకటి చేయించుకుంటే ఆయన మనసు కూడా కుదుటపడుతుంది. టిఫిన్ గురించి రాశారు కాబట్టి చెప్తున్నా, కారం తింటే పేగుపూత తిరగబెడుతుందని కాదు, కానీ గిలిగా ఉన్న పేగుకి గుంటూరు కారం తగిలితే పరుగు తప్పదు, కొన్నాళ్లు కారప్పొడి, ఎర్ర చట్నీ పక్కనపెట్టి కొబ్బరి చట్నీతో తినమనండి. అన్నీ మానేసి చారన్నం మీద బతకాల్సిన పని మాత్రం లేదు.

ప్రశ్న: నాకు పేగుల్లో టీబీయో క్రోన్సో తేలట్లేదని టీబీ మందులు మొదలుపెట్టారు. ఏది అన్నది కాల్‌ప్రొటెక్టిన్‌తో తెలియదా? (గుంటూరు)

జవాబు: తెలియదండి. రెండిట్లోనూ పేగు వాస్తుంది, రెండిట్లోనూ తెల్లకణాలు చేరతాయి, నంబరు రెండిట్లోనూ పెరుగుతుంది, సీఆర్పీ కూడా అంతే. మన దేశంలో టీబీ ఎక్కువ కాబట్టి, అనుమానం ఉన్నప్పుడు క్రోన్స్ మందులు ముందు మొదలుపెడితే, అవి ఇమ్యూనిటీని తగ్గించేవి కాబట్టి లోపల టీబీ ఉంటే అది ముదిరిపోతుంది, అందుకని ముక్క పరీక్షలో తేలకపోతే టీబీ మందులిచ్చి చూడటం ఇక్కడ పద్ధతి. రెండు మూడు నెలలకి మళ్లీ స్కోపీ చేసి పుళ్లు మానాయా లేదా చూస్తారు. ఆ మధ్యలో కాల్‌ప్రొటెక్టిన్, సీఆర్పీ తగ్గుతుంటే మందు పట్టిందనటానికి ఆధారం, తగ్గకపోతే మళ్లీ ఆలోచించాలి. ఆకలి వేస్తోంది, బరువు పెరిగాను అని ఆ స్కోపీ మానుకోకండి, క్రోన్స్ ఉన్నవాళ్లు కొందరికి కూడా టీబీ మందుల మీద కొన్నాళ్లు తేలిగ్గా అనిపిస్తుంది.

ప్రశ్న: మా తమ్ముడికి 26, పేగుపూత బాగా ఎక్కువై ఆసుపత్రిలో చేర్చాం. రోజుకి పన్నెండుసార్లు రక్తంతో వెళ్తున్నాడు, జ్వరం. స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తున్నారు. రోజూ రక్తం తీసి సీఆర్పీ చేస్తున్నారు, మూడో రోజుకే ఆపరేషన్ డాక్టరుని పిలిచారు. తొందరపడుతున్నారేమో అని భయంగా ఉంది. (విజయవాడ)

జవాబు: మీ ఉత్తరంలో ఫోన్ నంబరు ఉంది కాబట్టి అందిన రోజే ఫోన్ చేసి మాట్లాడాను, ఇలాంటి పరిస్థితిలో ఉన్న మిగతా కుటుంబాల కోసం ఇక్కడ వేస్తున్నా. వాళ్లు తొందరపడట్లేదు, సరైన టైముకి సరైన పని చేస్తున్నారు. రక్తంతో రోజుకి ఆరుసార్లు, ఆపైన వెళ్తూ, దాంతోపాటు నాడి 90 దాటటమో, జ్వరమో, రక్తహీనతో, ఈఎస్ఆర్ (వాపు చూపే ఇంకో రక్తం టెస్టు) 30 దాటటమో ఉంటే అది తీవ్రమైన దాడి అని 1955లో ఆక్స్‌ఫర్డ్‌లో ట్రూలవ్, విట్స్ అనే డాక్టర్లు గీత గీశారు, ఇప్పటికీ అదే వాడుతున్నాం, ఈఎస్ఆర్ బదులు సీఆర్పీ చూస్తున్నారు అంతే. ఈ దశలో కాల్‌ప్రొటెక్టిన్ రిపోర్టు కోసం ఎదురుచూడటంలో అర్థం లేదు, వాపుందని కళ్లకే కనపడుతోంది. కావాల్సింది రోజుకి ఎన్నిసార్లు వెళ్తున్నాడు, సీఆర్పీ దిగుతోందా, రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పడిపోతోందా, ఎక్స్‌రేలో పెద్దపేగు ఉబ్బుతోందా ఇవి. అదే ఆక్స్‌ఫర్డ్ నుంచి 1996లో ఇంకో లెక్క వచ్చింది, స్టెరాయిడ్ మొదలుపెట్టి మూడో రోజుకి కూడా ఎనిమిదిసార్ల కంటే ఎక్కువ వెళ్తున్నా, లేదా మూడు నుంచి ఎనిమిదిసార్ల మధ్య వెళ్తూ సీఆర్పీ 45 దాటి ఉన్నా, అలాంటివాళ్లలో 85 శాతం మందికి ఆ అడ్మిషన్‌లోనే పెద్దపేగు తీయాల్సి వచ్చింది. అది ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే మందు రాకముందు రోజుల లెక్క, ఇప్పుడు మూడో రోజు లెక్క చూసి ఇన్‌ఫ్లిక్సిమాబ్ గానీ సైక్లోస్పోరిన్ గానీ ఇస్తారు, చాలామంది ఆపరేషన్ లేకుండా బయటపడుతున్నారు. మరి సర్జన్‌ని ముందే ఎందుకు పిలుస్తారంటే, ఆ మందూ పనిచేయకపోతే ఆపరేషన్ ఆలస్యం కాకూడదని, ఆలస్యమైతేనే ప్రాణాల మీదకొస్తుంది, ముందే చూసి పెట్టుకున్న సర్జన్ ఉంటే రాత్రికి రాత్రి పరుగులు ఉండవు.

మీరు చేయాల్సింది, ప్రతి మోషన్‌ టైము, రక్తం ఉందా లేదా అని ఒక కాగితం మీద రాసి పెట్టండి, రౌండ్స్‌కి వచ్చిన డాక్టరుకి చూపించండి, పదిసార్లో పన్నెండుసార్లో అని గుర్తుకుతెచ్చుకుని చెప్పటం కంటే అది చాలా పనికొస్తుంది. మలంలో సీ డిఫిసైల్ అనే క్రిమి పరీక్ష పంపారా, కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తున్నారా అని మర్యాదగా అడగండి, రక్తం పోతుంటే రక్తం పలచబడే మందేంటి అని కంగారు పడకండి, ఈ జబ్బు ఉధృతంగా ఉన్నప్పుడు గడ్డకట్టే ప్రమాదం ఎక్కువ. కడుపునొప్పికని బయట నుంచి నొప్పుల బిళ్లలు గానీ, మోషన్లు ఆగటానికి లోపెరమైడ్ గానీ తెచ్చి ఇవ్వొద్దు.